పెరట్లో నాపరాళ్ళ చప్టా మీ చేత్తో మీరే వేసుకోవడం ఎలా?

మా పెరట్లో మొదట వేయించిన చప్టా రెండో వానాకాలానికే ఒక మూల కుంగింది. బండలు మంచివే, సిమెంటు మంచిదే, వేసినవాళ్ళకు పనితనమూ ఉంది. తప్పు జరిగింది కింద. నంద్యాల నల్లరేగడి మీద రెండంగుళాల ఇసుక పరిచి, నేరుగా బండలు పెట్టేశారు. ఎండాకాలంలో ఆ నేల చెయ్యి పట్టేంత నెర్రెలిచ్చింది, వానలకు ఉబ్బింది. కుళాయి పక్కన రోజూ నీళ్ళు పడే మూల మెత్తబడి దిగిపోయింది. ఆ బండలన్నీ లేపి, మా తమ్ముడూ నేనూ తవ్వుకుని, కింద నుంచి మళ్ళీ వేసుకున్నాం. అప్పటినుంచి ఏడు వానాకాలాలు దాటాయి. ఇప్పటికీ ఏ మూల నిలబడినా ఒక్క బండ ఊగదు.

చప్టాను మోసేది బండ కింద ఉన్న పొర. అందుకే ఇక్కడ సగానికి సగం మట్టి గురించీ నీళ్ళ వాటం గురించే చెబుతాను. బండలు పరచడం నిజానికి ఇందులో తేలికైన పని.

లెక్కలు సులువుగా అర్థం కావడానికి ఒక కొలత పెట్టుకుందాం: ఇంటి గోడ వెంబడి 12 అడుగులు, గోడ నుంచి పెరట్లోకి 10 అడుగులు. నాలుగు కుర్చీలు, ఒక నులకమంచం హాయిగా పడతాయి. మీ చోటు పెద్దదైనా చిన్నదైనా ఇవే లెక్కలను పెంచుకోండి, తగ్గించుకోండి.

చోటు చూసుకోవడం

సాయంత్రం కూర్చోవడానికైతే ఇంటికి తూర్పు వైపు మేలు. మధ్యాహ్నం దాటితే ఇంటి నీడే చప్టా మీద పడుతుంది. పడమర వైపు వేస్తే ఏప్రిల్, మే నెలల్లో రాత్రి ఎనిమిదింటికి కూడా బండ వేడిగానే ఉంటుంది.

సెప్టిక్ ట్యాంకు మూత, ఇంకుడు గుంత, ఎర్తింగ్ గుంత, బోరు పైపు ఎక్కడెక్కడ ఉన్నాయో తవ్వకముందే తెలుసుకోండి. వాటి మూతల మీద బండలు కప్పొద్దు. ఇల్లు కట్టించినప్పుడు కరెంటు వైరు ఏదైనా నేలలో వేశారా అని ఇంట్లో పెద్దవాళ్ళనూ ఎలక్ట్రీషియన్‌నూ అడగండి. వేప, మామిడి లాంటి పెద్ద చెట్టు ఉంటే మొదలు చుట్టూ నాలుగైదు అడుగులు వదిలేయండి. లావు వేళ్ళను నరికి చప్టా వేస్తే చెట్టుకు దెబ్బ. నరక్కుండా వాటి మీద వేస్తే కొన్నేళ్ళకు వేరు లావై బండను లేపుతుంది.

చప్టా పైమట్టం ఇంటి గచ్చు కన్నా కనీసం 6 అంగుళాలు కిందే ఉండాలి. పునాది గోడలో తేమ ఎక్కకుండా వేసిన పొరను దాటి మట్టి గానీ రాయి గానీ పైకి వస్తే, ఆ తేమ ఇంట్లోకి వచ్చి సున్నం పొట్టు లేస్తుంది.

బండలు కొనేటప్పుడు

నాపరాయి అంటే సున్నపురాయే. ఒకనాటి సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్న రాయి కనుక, గనిలో సమ్మెట, గడ్డపారలతోనే పలకలుగా ఊడివస్తుంది. మాకు దగ్గర బేతంచెర్ల. పల్నాటి వైపు మాచర్ల బండలు, తెలంగాణలో తాండూరు బండలు, కర్ణాటక వైపు షాబాదు బండలు దొరుకుతాయి. మీకు దగ్గర్లో ఏది తీస్తుంటే అదే కొనండి. దూరం నుంచి తెప్పిస్తే రాయి ధర కన్నా లారీ కిరాయే బరువవుతుంది. కడప నల్లరాయి కొత్తలో చాలా అందంగా ఉంటుంది. కానీ ఆరుబయట ఎండకు కాళ్ళు కాలుస్తుంది, క్రమంగా నలుపు వెలిసి బూడిదరంగుకు తిరుగుతుంది. దాన్ని ఇంట్లో వంటగది అరుగుకు ఉంచుకోండి.

పాలిష్ బండ పెరటికి వద్దే వద్దు. తడి పడితే జారుతుంది, ఇంట్లో ముసలివాళ్ళుంటే మరీ ప్రమాదం. గనిలో చీలినప్పుడు వచ్చిన సహజమైన గరుకు ముఖమే పాదానికి పట్టునిస్తుంది. అంచులు మాత్రం మిషన్ మీద నిటారుగా కోసినవి తీసుకుంటే పరచడం సులువు.

మందం అంగుళంన్నరకు తగ్గకూడదు. ఇంట్లో గచ్చుకు వాడే ముప్పావు అంగుళం, అంగుళం బండలు కాంక్రీటు మీద నిలుస్తాయి గానీ, మనం వేయబోయే రాతిపొడి పరుపు మీద విరుగుతాయి. రెండడుగుల చదరపు బండ అంగుళంన్నర మందంతో దాదాపు 37 కిలోలు తూగుతుంది. ఇద్దరు మోసే బరువు అది. ఒక్కరే చేసుకునేట్టయితే రెండడుగులకు ఒక అడుగు బండలు తీసుకోండి, సగం బరువే ఉంటాయి.

డిపోలో పేర్చిన బండల్లోంచి లెక్కపెట్టి ఎత్తించుకోవద్దు. ఒక్కొక్కదాన్నీ అంచు మీద నిలబెట్టి చిన్న సుత్తితో తట్టండి. మంచి బండ గంటలా ఖంగున మోగుతుంది. లోపల బీట ఉన్నది బొత్తిగా మూగగా పలుకుతుంది. అనుమానం వచ్చిన బండ మీద ఒక చెంబు నీళ్ళు పోసి రెండు నిమిషాలు ఆగండి. పైన తడి ఆరిపోతూ ఉంటే, బీట ఉన్నచోట మాత్రం వెంట్రుకలా సన్నని నల్లని గీత మిగులుతుంది, ఎందుకంటే నీరు పగుల్లోకి దిగి అక్కడ ఆలస్యంగా ఆరుతుంది. ఆ గీత ఈ అంచు నుంచి ఆ అంచుకు పోతే ఆ బండను పక్కన పెట్టేయండి. పైపొర పెచ్చులుగా లేస్తుందేమో గోటితో, తాపీ మొనతో గీకి చూడండి. డిపోవాళ్ళు విసుక్కున్నా ఫర్వాలేదు, మొహమాటపడకండి.

సరుకు ఎంత కావాలి

చప్టా 120 చదరపు అడుగులు. కోతలకూ విరుగుళ్ళకూ పదో వంతు కలిపి 132 చదరపు అడుగుల బండలు, అంటే దాదాపు 1.2 టన్నులు. తవ్వకం మాత్రం గోడ వైపు తప్ప మిగతా మూడు వైపులా అరడుగు ఎక్కువ ఉండాలి. అంచు కట్టడానికి ఆ జాగా కావాలి. అప్పుడు 13 అడుగులకు పదిన్నర అడుగులు, సుమారు 137 చదరపు అడుగులు వస్తుంది.

మీది ఎర్రనేల, గట్టి గరపనేల అయితే ఆరున్నర అంగుళాల లోతు చాలు: 4 అంగుళాల కంకర, డస్టు (క్రషర్‌లో రాయి పగిలినప్పుడు వచ్చే పొడి) కలిసిన పొర, దాని మీద అంగుళం రాతిపొడి, ఆపైన అంగుళంన్నర బండ. నల్లరేగడి అయితే 15 అంగుళాలు తవ్వాల్సిందే. పై మూడు పొరలూ అవే, వాటి కింద మరో ఎనిమిదిన్నర అంగుళాల మొరం చేరుతుంది. (మా వైపు గ్రావెల్ అంటే ఇదే మొరం.)

దిమ్మిస కొడితే సరుకు అణుగుతుంది కాబట్టి లెక్కకు పావు వంతు ఎక్కువ తెప్పించుకోవాలి. అలా చూస్తే కంకర, డస్టు కలిపి 60 ఘనపు అడుగులు, పరుపుకూ సందులకూ రాతిపొడి 20 ఘనపు అడుగులు, రేగడి నేలకైతే మొరం 125 ఘనపు అడుగుల వరకూ పడుతుంది. కంకర 20 మి.మీ.ది తీసుకోండి, క్రషర్ డస్టుతో సహా. గుండ్రటి ఏటి గులకరాళ్ళు వద్దు. ఎంత కొట్టినా ఒకదాని మీద ఒకటి దొర్లుతూనే ఉంటాయి. క్రషర్‌లో పగిలిన రాయికి మూలలుంటాయి, అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

పనిముట్లు: గడ్డపార, పార, తట్టలు, దిమ్మిస, నూలుదారం, మేకులు, 10 మీటర్ల పారదర్శక ప్లాస్టిక్ ట్యూబు, నాలుగడుగుల రసమట్టం, ఆరడుగుల అల్యూమినియం బద్ద, రబ్బరు సుత్తి, ఇనుప సుత్తి, వెడల్పాటి ఉలి, తాపీ. ముప్పావు అంగుళం జీఐ పైపు ముక్కలు రెండు, ఒక్కొక్కటి ఐదడుగులు. అవెందుకో తర్వాత చెబుతాను.

దారం కట్టడం

వానల్లో మొదలుపెట్టొద్దు. సంక్రాంతి దాటాక మొదలుపెడితే ఎండలు ముదిరేలోపు అయిపోతుంది.

ముందు మూల సరిచూసుకోవాలి. గోడ వెంబడి మూల నుంచి 6 అడుగుల దగ్గర ఒక గుర్తు, పెరట్లోకి పోయే దారం మీద 8 అడుగుల దగ్గర ఒక గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 10 అడుగులు వచ్చేదాకా దారాన్ని అటూ ఇటూ జరపండి. వచ్చిందంటే మూలమట్టం కుదిరినట్టే. రెండు వైపులా ఇలా చేశాక ఈ మూల నుంచి ఆ మూలకు ఐమూలగా కొలవండి. రెండు కొలతలూ ఒక్కటే కావాలి. చాలా ఇళ్ళలో గోడే వంకర ఉంటుంది. అప్పుడు గోడను నమ్మొద్దు, దారాన్ని నమ్మండి. గోడ దగ్గర మిగిలే సన్నని ఖాళీలో గులకరాళ్ళు నింపుకోవచ్చు.

ఇక వాటం. బండ ముఖం గరుకు కాబట్టి నీళ్ళు జారాలంటే 10 అడుగులకు 2 అంగుళాలు దిగాలి, అదీ ఇంటి నుంచి బయటకు. కంటితో చూస్తే ఆ వాలు కనిపించదు, కుర్చీ వాలదు, నీళ్ళు మాత్రం వెళ్ళిపోతాయి.

ఈ వాటం పెట్టడానికి ట్యూబును మించిన పరికరం లేదు. ట్యూబు నిండా నీళ్ళు పట్టి, ఎక్కడా గాలిబుడగ లేకుండా చూడండి. ఒక్క బుడగ ఉన్నా లెక్క తప్పుతుంది. నీళ్ళలో చిటికెడు పసుపు కలిపితే మట్టం స్పష్టంగా కనిపిస్తుంది. ఒకరు గోడ దగ్గర మేకుకు ఆనించి పట్టుకోండి, ఇంకొకరు దూరపు మేకు దగ్గర. నీళ్ళు ఊగడం ఆగేదాకా ఇద్దరూ కదలొద్దు. గోడ దగ్గర చప్టా పైమట్టం ఎక్కడ రావాలో అక్కడ గుర్తు పెట్టి, ట్యూబులో నీళ్ళు ఆ గుర్తుకు తాకినప్పుడు దూరపు మేకు మీద నీటిమట్టం గీయండి. ఆ గీత నుంచి 2 అంగుళాలు కిందికి కొలిచి అక్కడ దారం కట్టండి. ఇప్పుడు మీ దారమే చప్టా పైమట్టం. ఇక్కడి నుంచి పనంతా అయ్యేదాకా లోతు ఏదైనా దారం నుంచే కొలవాలి, నేల నుంచి కాదు. నేల ఎగుడుదిగుడు, దారం కాదు.

దూరపు చివర చప్టా చుట్టూ ఉన్న మట్టి కన్నా అంగుళం ఎత్తున ఉంటే వానకు బురద బండల మీదికి రాదు. దారం కట్టేటప్పుడే ఇది చూసుకోండి. గీతలన్నీ ముగ్గుపిండితో నేల మీద పోయండి.

తవ్వకం

గుంత అడుగు కూడా అదే వాటంతో దిగాలి. చాలామంది అడుగును సమంగా తవ్వి, పైన మాత్రమే వాలు పెడతారు. రేగడి నేలలో అది గంగాళం లాంటిదే. బండల సందుల్లోంచి దిగిన నీళ్ళు బయటకు పోలేక అక్కడే నిలుస్తాయి, రేగడి వాటిని తాగి ఉబ్బుతుంది. మా మొదటి చప్టాకు పట్టిన గతి సరిగ్గా ఇదే.

రేగడి నేలలో 15 అంగుళాలు తవ్వితే 170 ఘనపు అడుగుల మట్టి వస్తుంది, తవ్వాక గుల్లబారి ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. అదెక్కడ పోయాలో ముందే అనుకోండి. మేం చీనిచెట్ల పాదులకూ కూరగాయల మళ్ళకూ వాడాం, చాలా బాగా పనికొచ్చింది. గుంతలోకి మాత్రం ఒక్క తట్ట కూడా తిరిగి పోయొద్దు. వేళ్ళ ముక్కలు, ప్లాస్టిక్, మెత్తని మట్టి అన్నీ తీసేయండి. మెత్తగా దిగుతున్న చోటు ఉంటే గట్టి నేల తగిలేదాకా తవ్వి, ఆ గుంతను మొరంతో నింపి దిమ్మిస కొట్టండి.

ఇంకో చిన్న పని: గుంత అడుగున ఒక వైపు నుంచి ఇంకో వైపుకు రెండంగుళాల పీవీసీ పైపు ఒకటి అడ్డంగా పడేసి, రెండు చివరలకూ మూతలు బిగించండి. రేపు తోటలో దీపం పెట్టాలన్నా, డ్రిప్పు పైపు వేయాలన్నా చప్టాను కదిలించే పని ఉండదు.

కింది పొరలు

నల్లరేగడి మీద కాలువలు కట్టిన ఇంజనీర్లు ఈ బాధ మనకన్నా ముందే పడ్డారు. ఉబ్బే రేగడికీ పైన కట్టడానికీ మధ్య ఉబ్బని, కాస్త జిగురున్న మట్టి పొర వేస్తే ఆ ఉబ్బు అదుపులో ఉంటుందని ఐఐటీ బొంబాయి ఆచార్యుడు ఆర్.కె. కట్టి చూపించారు. మనం వేసే మొరం పొర చేసే పనీ అలాంటిదే. కాబట్టి రేగడి మీద నేరుగా ఇసుక వద్దు. ఇసుక నీళ్ళను ఆపదు, నేరుగా రేగడికి అందిస్తుంది.

మంచి మొరం ఎర్రగా, గరగరలాడుతూ ఉంటుంది. తడిపి గుప్పిట పట్టి చూడండి. చెయ్యి తెరిస్తే ముద్ద నిలవాలి, బొటనవేలితో నొక్కితే రెండుగా విరగాలి. అరచేతికి జిగటగా అంటుకుంటే అందులో బంకమట్టి ఎక్కువ, ఆ లోడు వెనక్కి పంపండి. ముద్ద కాకుండా పొడిగా రాలిపోతే ఇంకాస్త నీళ్ళు చల్లాలి. వేళ్ళ సందుల్లోంచి నీరు కారితే ఒక పూట ఆరనివ్వాలి. దిమ్మిసకు సరైన తడి ఇదే.

చేతి దిమ్మిస అయితే ఒక్కోసారి మూడంగుళాల మందం కన్నా ఎక్కువ పోయొద్దు. అంతా ఒకేసారి పోసి పైన ఎంత బాదినా కింద గుల్లగానే ఉంటుంది. పోయాలి, పారతో సర్దాలి, నీళ్ళు చిలకరించాలి, అంచుల నుంచి మధ్యకు దిమ్మిస కొట్టాలి. మొదట్లో దెబ్బ ధబ్బుమని మెత్తగా వినిపిస్తుంది, పొర బిగిసేకొద్దీ ఆ శబ్దం గట్టిపడి దిమ్మిస చేతిలో ఎగురుతుంది. మడమతో గట్టిగా తొక్కితే అచ్చు పడకూడదు. అప్పుడే తర్వాతి పొర. ప్లేటు కంపాక్టరు (మోటారుతో నేలను అదిమే యంత్రం) అద్దెకు దొరికితే ఒక్కరోజు తెచ్చుకోండి. డబ్బు వృథా కాదు, భుజాలు మిగులుతాయి. కానీ గోడ పక్కన మాత్రం చేతి దిమ్మిసే వాడండి.

మొరం అయ్యాక కంకర, డస్టు కలిసిన 4 అంగుళాల పొరను రెండు విడతల్లో ఇలాగే బిగించండి. ఇక్కడ దారం నుంచి కొలిస్తే ప్రతిచోటా రెండున్నర అంగుళాలు ఉండాలి. అడుగుకొక చోట కొలిచి చూడండి. ఇప్పుడు పావు అంగుళం తేడా వదిలేస్తే ఆ తేడాను పైన రాతిపొడితో పూడ్చాలి, అది మందంగా పడ్డచోట బండ దిగుతుంది.

మీకు తొందర లేకపోతే ఇక్కడ పది రోజులు ఆగండి. రోజూ సాయంత్రం నీళ్ళు చల్లుతూ, పిల్లల్ని దాని మీద ఆడుకోనివ్వండి. దిగాల్సిన చోటు ఏదైనా ఉంటే ఇప్పుడే బయటపడుతుంది.

పరుపు, బండలు

జీఐ పైపు ముక్కల పని ఇక్కడ. ముప్పావు అంగుళం పైపు బయటి కొలత దాదాపు అంగుళం. రెండింటినీ నాలుగడుగుల ఎడంతో కంకర పొర మీద వాలు దిశగా పరిచి, మధ్యలో రాతిపొడి పోసి, వాటి మీదుగా బద్దను లాగండి. అంగుళం మందాన నున్నటి పరుపు వస్తుంది. పైపులు తీసేసి ఆ గాళ్ళను పొడితో పూడ్చండి. ఒకేసారి అంతా పరవొద్దు, గంటలో పట్టే రెండు వరసలకే చేసుకోండి. పరిచాక దాని మీద కాలు పెట్టొద్దు, పిల్లిని కూడా రానివ్వొద్దు.

ముందే బండలను మందాన్ని బట్టి మూడు కుప్పలుగా వేరు చేసుకోండి. ఒక్కో వరసలో ఒకే కుప్పలోవి వాడితే పరుపుతో పోరాటం తగ్గుతుంది. గోడ దగ్గర మూల నుంచి మొదలుపెట్టి, వేసిన బండల మీదే నిలబడుతూ బయటికి సాగండి. నాలుగు మూలలు ఒకచోట కలిసే కూడలి రానివ్వొద్దు. ఇటుకలు పేర్చినట్టు ఒక వరస సందు రెండో వరసలో బండ నడిమికి రావాలి.

బండను పరుపు మీద జరపకూడదు. జరిపితే పొడి ముందుకు తోసుకుపోయి వెనక గుల్ల మిగులుతుంది. ముందు అంచును పక్క బండకు పావు అంగుళం ఎడంతో ఆనించి, వెనక అంచు కింద ఒక కర్రముక్క పెట్టి, నెమ్మదిగా దించి కర్రను లాగేయండి. వేళ్ళు నలగవు. తర్వాత రబ్బరు సుత్తితో మధ్య నుంచి మూలలకు తట్టండి.

ఒక కిటుకు చెబుతాను. వాలు మీద రసమట్టం పెడితే బుడగ పక్కకు పోతుంది కదా. మన వాటానికి నాలుగడుగుల రసమట్టం పొడవులో 20 మి.మీ. దిగాలి. కాబట్టి సరిగ్గా 20 మి.మీ. మందం ఉన్న చెక్కముక్కను రసమట్టం కింద, పల్లపు చివర టేపుతో అంటించేయండి. ఇక ఎప్పుడు పెట్టినా బుడగ నడిమికి వస్తే వాటం సరిపోయినట్టు. అడ్డంగా, అంటే గోడకు సమాంతరంగా చూసేటప్పుడు మాత్రం ఆ ముక్క తీసేసి చూడాలి.

ప్రతి బండ మీదా నాలుగు మూలలా ఒక్కొక్కసారి నిలబడండి. ఇసుమంత ఊగినా లేపండి, తాపీతో పొడి వేసో తీసో మళ్ళీ దించండి. సుత్తి పిడితో తట్టి వినండి. నిండుగా కూర్చున్న బండ గట్టిగా పలుకుతుంది, కింద గుల్ల ఉంటే డబ్బా మీద కొట్టినట్టు వినిపిస్తుంది. మా ఊళ్ళో ముసలి మేస్త్రీ ఒకాయన మా పని చూడటానికి వచ్చి, "బండ కింద గాలి ఉండగూడదు నాయనా" అని రెండు బండలు చూపించి లేపించారు. ఆ రెండే మేం తట్టి చూడకుండా వదిలినవి. మూడోసారి లేపాల్సి వచ్చినా బద్ధకించొద్దు. ఈ రోజు లేపడం ఐదు నిమిషాల పని.

కోతలు

తిన్నటి కోత కావాలంటే బండను ఇసుక మీద పరిచి, గీత గీసి, ఉలితో ఆ గీత వెంట తేలిగ్గా తట్టుకుంటూ రెండు మూడు సార్లు పోండి. తిరగేసి వెనక వైపూ అలాగే చేయండి. తర్వాత గీత కింద కర్ర పెట్టి ఒక్క గట్టి దెబ్బ వేస్తే విరుగుతుంది. అంచు కాస్త గరుకుగా వస్తుంది, ఆరుబయట అదే అందం.

కటింగ్ మిషన్ వాడేట్టయితే కళ్ళద్దాలు, మంచి మాస్కు తప్పనిసరి. తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. రాయి తడిపి కోస్తే దుమ్ము తగ్గుతుంది కానీ, నీళ్ళకూ కరెంటుకూ పడదు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు) ఉన్న లైను, నీళ్ళతో కోయడానికే చేసిన మిషన్, కాళ్ళకు రబ్బరు బూట్లు ఉంటేనే ఆ పని చేయండి. లేకపోతే కొలతలిచ్చి డిపోలోనే కోయించుకోండి.

అంచు, సందులు

అంచు కట్టకపోతే బయటి వరస ఏడాదిలో పక్కకు జరుగుతుంది. చివరి బండల పక్కన ఇటుకలను నిలువుగా పాతి, వెలుపలి వైపు 1:2:4 కాంక్రీటును (ఒక వంతు సిమెంటు, రెండు ఇసుక, నాలుగు కంకర) ఏటవాలుగా దన్ను పెట్టండి. ఆ దన్ను బండ మట్టానికి రెండంగుళాలు కిందే ఆగితే పైన మట్టి కప్పి గడ్డి పెంచుకోవచ్చు. పల్లపు వైపు మూడడుగులకొకచోట వేలెడు సందు వదలండి, లోపలికి దిగిన నీళ్ళు అందులోంచి పోతాయి. ఆ కాంక్రీటును వారం రోజులు తడపండి.

సందుల్లో సిమెంటు వద్దు. కింద పొర కొద్దికొద్దిగా కదిలేదే, పైన సిమెంటు కదలనిది. ఆ రెండింటికీ పొసగక మొదటి ఎండాకాలానికే పగిలి పెళ్ళలుగా లేస్తుంది. పైగా సిమెంటు పాలు బండ మీద తెల్లగా పడితే పోగొట్టడం కష్టం. బాగా ఎండిన రాతిపొడిని చప్టా మీద పోసి చీపురుతో ఐమూలగా ఊడ్చండి, సందుల్లోకి దిగుతుంది. పొగమంచులా నీళ్ళు చల్లండి, పైపుతో కొట్టొద్దు. మర్నాటికి పొడి దిగి ఉంటుంది, మళ్ళీ నింపండి. మూడు రోజుల తర్వాత ఒకసారి, మొదటి వాన తర్వాత ఇంకోసారి.

చీమలు కొంత పొడి బయటకు తోడతాయి. గరిక మొలుస్తుంది. ఏడాదికోసారి గరికను వేరుతో పీకి, ఒక తట్ట పొడి ఊడ్చుకుంటే సరిపోతుంది. వాన నీరు సందుల్లోంచి నేలలోకి దిగుతుంది, మట్టి ఊపిరి పీల్చుకుంటుంది. సిమెంటుతో పెరడంతా మూసేసిన ఇళ్ళలో వానకు నీళ్ళన్నీ వీధిలోకి పోవడం చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

వాడకం

అంతా అయ్యాక గోడ దగ్గర నాలుగు బకెట్ల నీళ్ళు ఒక్కసారిగా పోసి, పది నిమిషాల తర్వాత వచ్చి చూడండి. నీళ్ళు మడుగు కట్టిన చోటు చుట్టూ ముగ్గుపిండితో గీయండి. ఆ బండలను మళ్ళీ లేపి సరిచేయాలి.

నాపరాయికి ఆమ్లం శత్రువు. వాననీటిలో ఉండే లేశమంత పులుపే వేల ఏళ్ళలో సున్నపురాయిని కరిగించి, మా జిల్లాలోనే బెలుం గుహలను తొలిచింది. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న గుహలవి. బాత్రూములు కడిగే ఆసిడ్ ఒక్కసారి పోస్తే ఆ పని మన చప్టా మీద ఒక్క నిమిషంలో మొదలవుతుంది. నురగ వచ్చిందంటే రాయి కరుగుతోందన్నమాట. నిమ్మచెక్క, చింతపండు పులుసు, ఊరగాయకు కోసిన మామిడి ముక్కలు నేరుగా బండ మీద పెట్టినా తెల్లటి మచ్చలు మిగులుతాయి. కింద గుడ్డ పరిచి ఆరబెట్టండి. పాచి పడితే గుప్పెడు ఇసుక చల్లి, కొబ్బరిపీచుతో రుద్ది, మంచినీళ్ళతో కడిగితే చాలు. నూనె ఒలికితే వెంటనే ముగ్గుపిండి దట్టంగా చల్లి రాత్రంతా వదిలేయండి, చాలా వరకూ పీల్చేస్తుంది.

ఎప్పుడైనా ఒక బండ దిగితే కంగారు పడొద్దు. చుట్టూ సందుల్లోని పొడిని పాత కత్తితో గీకి తీసేసి, రెండు తాపీలను ఎదురెదురు అంచుల్లో దూర్చి, కొద్దిగా లేవగానే కింద కర్రముక్కలు తోయండి. ఇద్దరూ పట్టి పక్కన నిలబెట్టండి. కింద తడిగా, మెత్తగా ఉంటే నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో ముందు వెతకండి. మా ఇంట్లో ఒకసారి కుళాయి పైపు జాయింటు కారడమే కారణమైంది, దాన్ని బిగించాకే బండ ముట్టుకున్నాం. మెత్తని భాగం తీసి, కంకర, డస్టు వేసి దిమ్మిస కొట్టి, దారం అడ్డంగా పట్టి మట్టం చూసుకుంటూ పొడి సర్ది బండ దించండి. సందులు నింపి నీళ్ళు చల్లండి. కాఫీ తాగి మొదలుపెడితే టిఫిన్ వేళకు అయిపోతుంది.